ఒకవేళ డాక్టరుగారి పిక్క

ఆ ఆస్పత్రిలో ఆయన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. వెనకాల అందరూ, ముందర కొందరూ 'ఒకవేళ డాక్టరు' అనేవారు. ఏ మాట ఎత్తుకున్నా 'ఒకవేళ'తోనే ఎత్తుకోవడం ఆయన అలవాటు. "ఒకవేళ లిఫ్టు మధ్యలో ఆగిపోతే?" "ఒకవేళ ఈ ముసలాయన మంచం దిగుతూ తూలిపోతే?" క్యాంటీన్‌లో టీ చేతికిస్తే, "ఒకవేళ ఇది పొద్దుటిదయితే?" అని వాసన చూసిగాని పెదవి ఆనించేవాడు కాదు.

మనిషి మంచివాడు. ముప్ఫై దాటినా ముఖం మీద పరీక్ష హాలు బయట నిలబడ్డ కుర్రాడి కంగారు మాత్రం పోలేదు. పునరావాస వైద్యంలో రెసిడెంటుగా ట్రైనింగ్ చేస్తున్నాడు. అదేమిటో ఇంట్లోవాళ్ళకి చెప్పలేక సగం చచ్చాడు. ఎముకల డాక్టరా అంటే కాదు, నరాల డాక్టరా అంటే పూర్తిగా కాదు. పక్షవాతం వచ్చినవాళ్ళని లేపి నిలబెట్టడం, కాలు పోయినవాళ్ళకి పెట్టుడు కాలు అలవాటు చెయ్యడం, వెన్ను దెబ్బతిన్నవాళ్ళకి చక్రాల కుర్చీలో బతుకు నేర్పడం, ఇదీ పని. వాళ్ళ అత్తగారు మాత్రం చుట్టాలందరికీ ఒక్క ముక్కలో తేల్చేసింది. "మా అల్లుడు కాళ్ళు పట్టుకునే డాక్టరు."

ఆ చదువులో కొన్ని నెలలకోసారి వార్డు మారుస్తారు. రొటేషన్ అంటారు దాన్ని. తక్కినవాళ్ళు వార్డు మారినప్పుడల్లా కొత్త విద్య నేర్చుకునేవారు, మనవాడు కొత్త జబ్బు తెచ్చుకునేవాడు. పక్షవాతం వార్డులో ఉన్నన్నాళ్ళూ, మూతి ఎటైనా వంకర పోతోందేమోనని ఎదురైన ప్రతి అద్దంలోనూ నవ్వి చూసుకున్నాడు. ఓ బట్టల కొట్టు అద్దం ముందు అలా నవ్వితే, అవతల నిలబడ్డ అమ్మాయి చెప్పు తీసింది. వెన్నుపూస వార్డులో మెట్లు దిగాలంటే రెండు చేతులా రెయిలింగు పట్టుకుని, అప్పుడే నడక నేర్చినవాడిలా దిగేవాడు. కాళ్ళు తీసేసినవాళ్ళ వార్డులో పొద్దున్నే లేచి పది కాలివేళ్ళనీ పలకరించిగాని దుప్పటి మడిచేవాడు కాదు. అయితే ఒక సుగుణం ఉంది. వార్డు మారగానే ఆ జబ్బుని అక్కడి బీరువాలోనే వదిలేసి వచ్చేవాడు. అందుకని ఎవరూ పట్టించుకోలేదు. ఆయనా పట్టించుకోలేదు.

చివరికి నరాల పరీక్ష గది వంతు వచ్చింది.

అదొక ఇరుకు గది. కిటికీ లేదు. గోడవారన రెక్సిన్ మంచం, పక్కనే యంత్రం, యంత్రం వేడెక్కకుండా ఎప్పుడూ గుయ్యిమంటూ తిరిగే ఏసీ. పేషెంట్లు దాన్ని 'కరెంటు పరీక్ష' అనేవారు. మణికట్టు దగ్గరా మోచేతి దగ్గరా చిన్నగా కరెంటు తగిలిస్తే, నరం ఆ కబురుని ఎంత వేగంగా మోసుకెళ్తోందో తెర మీద పడుతుంది. అది మొదటి భాగం. రెండో భాగంలో సన్నటి సూది కండలో దింపుతారు. యంత్రానికి ఓ స్పీకరుంటుంది. విశ్రాంతిగా ఉన్న మంచి కండ అందులో ఏమీ మాట్లాడదు. నరం చచ్చిపోతున్న కండ మాత్రం మాట్లాడుతుంది. రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు చప్పుడొస్తుంది.

ఆ గదికి పెద్ద దిక్కు మేడమ్. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. "సూది గుచ్చించుకోని చెయ్యి సూది గుచ్చకూడదు." రొటేషన్‌కి వచ్చిన ప్రతి రెసిడెంటూ ఒకరోజు ఆ మంచం మీద పడుకోవాలి. తోటివాళ్ళు కరెంటు పెట్టి, సూది దించి, పరీక్షంతా చెయ్యాలి. అప్పటిదాకా పేషెంటుకి కరెంటు పెట్టడం వరకే అనుమతి. అందరూ మొదటి వారంలోనే పడుకుని, అబ్బా అమ్మా అని లేచిపోయారు. మనవాడు మాత్రం రేపు మాపు అంటున్నాడు. అప్పటికి కారణం ఉత్త సూది భయమే.

ఆ రోజుల్లోనే టైలరు మాస్టారు వచ్చాడు.

యాభై దాటిన మనిషి, చేతికి సుద్దముక్క వాసన. "మిషను తొక్కడం బాగానే ఉంది డాక్టరు బాబూ. కత్తెరే మాట వినటం లేదు. బట్ట మీద పెడితే సగంలో ఆగిపోతోంది, మొండి దూడలాగా" అన్నాడు నవ్వుతూ. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడింది. చొక్కా విప్పితే భుజం మీద చర్మం కింద ఏదో చిన్న చేప తోక ఆడించినట్టు అక్కడక్కడా ఎగురుతోంది. "ఈ ఎగిరేదేమిటి బాబూ? నొప్పి లేదుగానీ మా ఆవిడ చూసి భయపడుతోంది."

సూది దింపింది మనవాడి తర్వాత ఏడాది చేరిన అమ్మాయి. ఏ పనైనా కంటికి కనబడకుండా చేసేస్తుందని ఆ అమ్మాయిని 'సుడిగాలి' అంటారు. సూది దిగగానే స్పీకర్లో చినుకులు పడ్డాయి. చేతిలో, భుజంలో, కాల్లో, ఎక్కడ పెట్టినా చినుకులే. మేడమ్ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. బయటికొచ్చాక గొంతు తగ్గించి చెప్పింది.

"కండల్ని నడిపించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బనుకుంటున్నాను. ఇంకో రెండు పరీక్షలు చేసి ఖాయం చేసుకుని నేనే చెప్తాను. దీన్ని ఆపే మందు లేదు. మనకి మాత్రం చేతినిండా పని ఉంది. ఆయన ఎలా తినాలి, ఎలా కూచోవాలి, ఎన్నాళ్ళు కత్తెర పట్టించగలం, అదంతా మన పనే."

లోపల టైలరు మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు. ఒకవేళ డాక్టరు వెళ్ళి పెట్టాడు. "నేను కుట్టిన గుండీలే బాబూ, నన్నే లెక్కచెయ్యడం లేదు" అన్నాడు ఆయన.  మనవాడు ఆఖరి గుండీ పెట్టి, కాలరు సర్దాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూచుని ఉండగా ఆయన ఎడమ పిక్క టప్పున ఎగిరింది.

ముందు దోమ అనుకున్నాడు. పేంటు పైకి లాగి చూశాడు. దోమ లేదు. చర్మం కింద చిన్న చేప తోక ఆడించింది. ఆగింది. మళ్ళీ ఆడించింది.  చేతిలో టీ ఒలికి తొడ మీద పడింది. కాలిందన్న సంగతి బస్సెక్కాకగాని తెలియలేదు.

ఈసారి భయం మునుపటి భయాల్లాంటిది కాదు. అవి నోటితో వాగే భయాలు. ఇది నోరు నొక్కేసింది. 'ఒకవేళ' అన్న మాటే ఆయన నోట్లోంచి మాయమైంది. నర్సులు కూడా గమనించారు, "డాక్టరుగారికి ధైర్యం వచ్చినట్టుందే" అని. ఆ ధైర్యం ఎలాంటిదో ఆయనకే తెలుసు.  ఎవరైనా పలకరిస్తే నవ్వేవాడుగానీ, చెవులు మాత్రం ఎడమ పిక్క దగ్గరే ఉండేవి.

ఇంట్లో తనని తాను పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరు కదా, ఏం చూడాలో తెలుసు. అదే కొంప ముంచింది. పాదాల్లో బలం తగ్గితే మడమల మీద నడవలేరు కాబట్టి, మంచానికీ వంటగదికీ మధ్య మడమల మీద ధన్‌ధన్‌మని నడిచేవాడు. చేతి పట్టు తగ్గుతోందేమోనని వంటింట్లో డబ్బాల మూతలన్నీ విప్పి, ఉన్న బలమంతా పెట్టి మళ్ళీ బిగించేవాడు. నాలుక కూడా వణుకుతుందని పుస్తకంలో ఉంది. పొద్దున్నే వాష్‌బేసిన్ అద్దం ముందు నాలుక బారెడు చాపి, కదలకుండా చూసుకునేవాడు.

ఆ అద్దంలో వంటింటి గుమ్మం కనిపిస్తుంది. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంటుంది. కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉండి పోదామని వచ్చిన మనిషి. కాఫీ గ్లాసుతో ఇలా వచ్చేసరికి, అల్లుడు అద్దంలోంచి ఆవిడకేసి నాలుక చాపి కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. మొదటిరోజు కళ్ళు తిరిగాయనుకుంది. రెండోరోజు కాఫీ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. మూడోరోజు కూతుర్ని పక్కకి పిలిచింది.

"ఏమే, మీ ఆయనకి నేనుండటం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా. డబ్బాలన్నీ నేను తియ్యలేకుండా బిగించెయ్యడం, నేను నడుం వాల్చగానే నెత్తిన ఏనుగు నడిచినట్టు నడవడం, పొద్దున్నే నాలుక చాపడం... ఈ వయసులో నాకీ మర్యాదలేమిటే?"

భార్య బళ్ళో లెక్కల టీచరు. ఏ లెక్కా తేలకుండా వదిలే మనిషి కాదు. భర్తని అడిగింది.

"ఏవండీ, మా అమ్మని చూసి నాలుక చాపారా?"

"నేనా? మీ అమ్మనా?"

"మరి ఎవర్ని చూసి చాపారు?"

"అద్దం చూసి" అన్నాడాయన నిజాయితీగా.

ఆవిడ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. "ఆస్పత్రిలో ఏమైనా గొడవా?" అంది, గొంతు తగ్గించి. "ఏం లేదు" అన్నాడు. అన్నాడేగాని, ఎదురుగా కూచుని పిల్లల పేపర్లు దిద్దుకుంటున్న ఆవిడ వేళ్ళకేసే చూస్తుండిపోయాడు. రేపు నా చొక్కా గుండీలు పెట్టేవి ఈ వేళ్ళే కాబోలు. ఆ తర్వాత ముద్ద పెట్టేవి కూడా. ఆ తర్వాత... అక్కడికి వచ్చేసరికి ఆయన లేచి మళ్ళీ మడమల మీద నడిచాడు. లోపలి గదిలోంచి అత్తగారి నిట్టూర్పు వినబడింది.

ఇక ఉండబట్టలేకపోయింది. ఒకరోజు భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కి పోయాక, పరీక్ష గదిలోకి దూరి లోపల గడియ పెట్టుకున్నాడు. కరెంటు పరీక్ష తనకి తానే చేసుకుందామని. చొక్కా చెయ్యి మడిచాడు. జిగురు పట్టీలు తన అరచేతికి తనే అంటించుకున్నాడు. ఏసీ నేరుగా మంచం మీదకి కొడుతోంది. భయానికి ముందే సగం చల్లబడ్డ చేతులు, ఆ గాలికి మంచుగడ్డలయ్యాయి. టేపుతో దూరం కొలిచి, పళ్ళు బిగించి, కరెంటు వదిలే పెడలు తొక్కాడు.

తెర మీద అంకె పడింది. ఉండాల్సినదానికన్నా తక్కువ.

 తప్పు కొలిచానేమోనని మళ్ళీ కొలిచాడు, మళ్ళీ తొక్కాడు. ఇంకాస్త తక్కువ. కాసేపాగి, ఆ చలిలోనే కూచుని దేవుణ్ణి తలచుకుని మూడోసారి తొక్కాడు. మరీ తక్కువ. జబ్బు భోజనాల వేళ పూర్తికాకుండానే ఇంత ముదిరిపోతోందా అని పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ గదిలో చేరినవాళ్ళకి మొట్టమొదట నేర్పే పాఠం ఏమిటంటే, చెయ్యి చల్లగా ఉంటే నరం మందగిస్తుంది, కాబట్టి ముందు వేడినీళ్ళ తొట్టెలో ముంచి వెచ్చబరచాలి. మొన్నీమధ్య కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ పాఠం చెప్పింది ఒకవేళ డాక్టరే. ప్రతి పేషెంటు చేతినీ తాకి చూసి, "వేడినీళ్ళు పెట్టండి, తర్వాతే కరెంటు" అనేదీ ఆయనే. తన చెయ్యి తాకి చూసుకోవాలని మాత్రం తోచలేదు. పేషెంటు చెయ్యే గాని డాక్టరు చెయ్యి చల్లబడదనుకున్నాడో ఏమో! ఇంకో సంగతి కూడా ఉంది. టైలరు మాస్టారికి వచ్చిన జబ్బులో ఈ వేగం అంతగా తగ్గకూడదు. అదీ ఆయనకి తెలుసు. కానీ భయం పుస్తకాలు చదవదు. 'ఒకవేళ నాకు రెండు జబ్బులేమో' అనుకున్నాడు.

అప్పట్నించీ ఆ మంచం ఆయనకి వధ్యశిల అయిపోయింది. సూది దింపితే చినుకులు పడతాయి. అందరూ వింటారు. విన్నాక ఇక విననట్టు ఉండటానికి వీల్లేదు. పడుకోవాల్సిన రోజల్లా ఏదో ఒక వంక పెట్టాడు. ఒకసారి జ్వరమన్నాడు. ఒకసారి అత్తగారిని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్ళాలన్నాడు. తర్వాత మళ్ళీ అత్తగారే.

"ఏమయ్యా" అంది మేడమ్, "మీ అత్తగారు ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళకుండా ఇన్నిసార్లు ఎలా వస్తోంది?"

అందరూ గొల్లున నవ్వారు. ఆయనా నవ్వబోయాడు, రాలేదు.

"రొటేషన్ అయిపోవస్తోంది. రేపు నువ్వే. ఈ గది దాటాలంటే ఆ మంచం మీంచే దాటాలి."

మర్నాడు పొద్దున ఇంట్లో ఇంకో సభ జరుగుతోంది. అత్తగారు సంచి సర్దేసింది. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతానంది. భార్య సెలవు పెట్టి, తల్లిని దింపడానికి సిద్ధమవుతోంది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న అల్లుడితో అత్తగారు ముభావంగా, "వెళ్ళొస్తానండీ అల్లుడుగారూ. మీకేం ఇబ్బంది లేకుండా" అంది.

ఆయన ఒక్కసారిగా వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కళ్ళ నిండా నీళ్ళు. "తప్పులేమైనా ఉంటే క్షమించండి అత్తయ్యా" అని, భార్య ముఖంకేసి ఓసారి చూసి, గబగబా మెట్లు దిగిపోయాడు. రెయిలింగు కూడా పట్టుకోలేదు. అత్తగారు బిత్తరపోయింది. "ఇదేమిటే? పొమ్మంటున్నాడా, ఉండమంటున్నాడా?"

పరీక్ష గదిలో సుడిగాలి అన్నీ సిద్ధం చేసి ఉంచింది. తక్కిన రెసిడెంట్లు గోడవారన నిలబడ్డారు. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు పెట్టుకుంది. మనవాడు మంచం మీద పడుకున్నాడు. పైన ట్యూబులైటు. బలిపశువుకి కూడా ఆకాశం కనబడుతుంది, ఇక్కడ అదీ లేదు అనుకున్నాడు.

"భయపడకు ఒకవేళన్నయ్యా" అంది సుడిగాలి, పట్టీ అంటిస్తూ. "నా చెయ్యి తేలిక."

కరెంటు తగిలింది. వేళ్ళు ఎగిరాయి. మళ్ళీ తగిలింది. ఎప్పుడూ గలగలమనే ఆ పిల్ల గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆయన తల తిప్పి చూశాడు. ఆ పిల్ల తెరకేసి చూస్తోంది. ఇంకోసారి కరెంటు పెట్టింది. గోడవారనున్న గుసగుసలు కూడా ఆగిపోయాయి. ఏసీ చప్పుడొక్కటే మిగిలింది.

"అన్నయ్యా..." అంది నెమ్మదిగా. 

"తెలుసమ్మా" అన్నాడాయన ట్యూబులైటుకేసి చూస్తూ.

"ఏం తెలుసు?" అంది మేడమ్.

ఆనకట్ట తెగినట్టయింది. పిక్క దగ్గర్నించి మొదలుపెట్టి, నాలుక, మడమలు, డబ్బాల మూతలు, గడియ పెట్టుకుని తనే చేసుకున్న పరీక్ష, రెండు జబ్బుల అనుమానం, అన్నీ చెప్పేశాడు. టైలరు మాస్టారి గుండీల సంగతి కూడా చెప్పాడు. "మా ఆవిడకి ఇంకా చెప్పలేదు మేడమ్. ఎలా చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు. కణతల మీంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చేతికి తీగలు తగిలించి ఉన్నాయి కాబట్టి తుడుచుకోలేకపోయాడు.

ఎవరూ నవ్వలేదు. మేడమ్ లేచి వచ్చింది. ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేళ్ళు తడిమి చూసింది. తర్వాత సుడిగాలికేసి తిరిగింది.

"ఈ చెయ్యి పట్టుకున్నావా నువ్వు?"

"పట్టీలు అంటించాను కదా మేడమ్..."

"పట్టీలు కాదు, చెయ్యి. ఇది చెయ్యా, ఐసుక్రీం బండా? తొట్టె ఎక్కడ?"

సుడిగాలి ముఖం ఎర్రబడింది. మనవాడి ముఖమైతే ఏ రంగు పడాలో తెలియక తెల్లగానే ఉండిపోయింది. తొట్టెలో వేడినీళ్ళు పోశారు. తీగలు విప్పి చెయ్యి ముంచారు. ఏసీ కట్టేశారు. ఆ గదిలో ఏసీ చప్పుడు లేకపోవడం అందరికీ అదే మొదటిసారి. అందరి ఊపిరీ అందరికీ వినబడుతోంది. మేడమ్ మాటిమాటికీ వేలు పెట్టి నీళ్ళు చూస్తూ, ఇంకాస్త పొయ్యమంటూ, పిల్లాడికి స్నానం చేయిస్తున్న అమ్మమ్మలా నిలబడింది.

మళ్ళీ కరెంటు పెట్టారు. అంకె పడింది. సుడిగాలి గట్టిగా ఊపిరి వదిలింది. ఉండాల్సిన చోటే ఉంది, ఇంకాస్త పైనే ఉంది.

"కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పిందెవరు?" అంది మేడమ్.

"నేనే మేడమ్" అన్నాడాయన సన్నగా.

అయినా భయం పోలేదు. చెయ్యి సంగతి తేలిందిగానీ, పిక్క సంగతి అలాగే ఉంది. సూది ఇంకా దిగలేదు. ఇప్పుడు మేడమే సూది తీసుకుంది. "నువ్వాగమ్మా, ఇది నేను చేస్తాను" అని, పిక్క మీద దూదితో తుడిచింది.  స్పీకరు పెంచింది. సూది దిగింది.

చిటుక్కుమంది. తర్వాత ఏమీ లేదు.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని చినుకుల కోసం ఎదురుచూశాడు. ఒక్కటి పడితే చాలు, తర్వాత వాన ఎలాగూ వస్తుంది. స్పీకర్లో సన్నటి గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు. మేడమ్ సూది కాస్త జరిపింది. చిటుక్కు. మళ్ళీ నిశ్శబ్దం. మూడో చోటికి జరుపుతుండగా ఉన్నట్టుండి 'టప్' అని ఒక్క చప్పుడు. పిక్క ఎగిరింది. ఆయన అరిచేశాడు.

"అరవకు. అదే కదా నువ్వు చెప్పింది?"

"అదే మేడమ్. అదే."

"విన్నాను. చుట్టూ చినుకులు లేవు. కండ అరగలేదు, బలం తగ్గలేదు. ఆ ఒక్కటీ అలసిన కండ. నిద్ర లేదు, టీల మీద టీలు, దానికి తోడు రోజంతా మడమల మీద నడక. ఎగరక ఏం చేస్తుంది పాపం?"

అలాగని వదిలెయ్యలేదు. తొడలో చూసింది, చేతిలో చూసింది, వీపున వెన్ను పక్కన చూసింది. ప్రతిచోటా ఆయన ఒకసారి చచ్చి బతికాడు. ప్రతిచోటా నిశ్శబ్దమే. చివరికి సూది తీసి, ఆయన వీపు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"లే. నీకు ఆ జబ్బు లేదు. రెండూ లేవు."

ఆయన లేవలేకపోయాడు. మంచం అంచున కూచుని కాళ్ళు వేలాడేసుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు. సుడిగాలి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, పక్కన నిలబడి తనూ ముక్కు ఎగబీల్చింది. మేడమ్ తక్కినవాళ్ళకేసి తిరిగి, "ఏం చూస్తున్నారు? మీలో ఎంతమంది ఈ నెల నాలుక చాపి అద్దం చూసుకున్నారో నాకు తెలియదా?" అంది. ఇద్దరు నేల చూపులు చూశారు. తర్వాత గొంతు మార్చి మనవాడితో అంది. "టైలరు మాస్టారికి వచ్చే వారం చెప్పాలి. నాతోపాటు నువ్వు కూచుంటావా? కూచోలేనంటే పరవాలేదు."

"కూచుంటాను మేడమ్" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

కారిడార్లోకి రాగానే ఆయన చేసిన మొదటి పని భార్యకి ఫోను చెయ్యడం. ఆనందంలో మనిషికి వెనకా ముందూ ఉండదు.

"నాకేం లేదు!" అన్నాడు ఎత్తగానే.

అవతల బస్టాండు గోల. "ఏమిటండీ?"

"నాకు ఆ జబ్బు లేదని తేలిపోయింది!"

అవతల గోలే ఆగిపోయినట్టయింది. "ఏ జబ్బు?" అంది ఆవిడ. అప్పుడుగాని ఆయనకి వెలగలేదు, ఉందని చెప్పకుండా లేదని చెబుతున్నానని. చెప్పాడు. చెబుతున్నకొద్దీ తన ఒంట్లోంచి దిగిపోయిన భయమంతా ఆ తీగ లేని ఫోన్లోంచి అవతలి మనిషికి ఎక్కిపోవడం ఆయనకి వినబడుతూనే ఉంది.

"మీరక్కడే ఉండండి. కదలకండి" అంది ఆవిడ.

వచ్చింది. జుట్టు చెదిరి, చెమటతో, వెనకాలే సంచితో అత్తగారు. ఎదురుగా అల్లుడు రెండు కాళ్ళ మీదా నిలబడి ఉండటం చూసి అత్తగారు సంచి కింద పడేసింది. భార్య మాత్రం ఆగకుండా వచ్చి ఆయన భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"ఇన్నాళ్ళూ ఒక్కరే ఎలా భయపడ్డారండీ? ఎలా భయపడ్డారు నాకు చెప్పకుండా? ఇంట్లో రెండో మనిషిని నేనెందుకున్నాను మరి?"

"నువ్వు భయపడతావని..."

"భయపడనూ? ఇప్పుడు భయపడటం లేదూ? మీకయితే అయిపోయింది. నాకు ఇప్పుడే మొదలైంది!" అని ఏడ్చింది. ఏడుస్తూనే, "చూపించండి కాలు" అంది.

"ఇక్కడా?"

"ఇక్కడే."

గోడవారన బల్ల మీద కూచుని పేంటు మోకాలిదాకా మడిచాడు. ఆవిడ కింద చతికిలబడి, పేపర్లు దిద్దేటప్పుడు చూసే చూపుతో ఆ పిక్కకేసి చూడసాగింది. అత్తగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. డాక్టరుగారూ తొంగిచూశాడు. ఇన్నాళ్ళూ ఆగకుండా ఎగిరిన పిక్క, ఇప్పుడు అత్తగారి ముందు కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని కూచుంది.

స్ట్రెచరు తోసుకుపోతున్న మనిషి ఆగి, "ఏమైనా పడిపోయిందా అమ్మా? ఏం వెతుకుతున్నారు?" అన్నాడు.

"లేదు నాయనా, అంతా ఉంది" అంది అత్తగారు తల ఎత్తకుండానే. "నువ్వు వెళ్ళు."

అప్పుడు ఎగిరింది, టప్పున. భార్య ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. ఆయన చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకుంది. ఆవిడ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.  ఆయన ఆ చేతిని తన రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు.

"ఒకవేళ..." అంది ఆవిడ.